ఎర్ర దవడ

మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద గాలి కూడా కాలుతోంది. ముందు చక్రాలు ఊడదీసిన విదేశీ కారు దుంగల మీద నిలబడి ఉంది. దాని పక్కన అసిరమ్మ గొంతుక్కూర్చుని చివరి పూత వేస్తోంది. నాలుగు బారల దూరంలో దాలయ్య మరో బండి వెనక తలుపును తడిపిన గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. పొద్దుటి నుంచీ ఒకేచోట రుద్దడం వల్ల అక్కడ రేకు బయటపడింది. ఆ సంగతి అతడు గమనించలేదు. అతని చూపంతా అసిరమ్మ మణికట్టు మీద ఉంది.

ఆ మణికట్టు వణకదు. ఇరవై రెండేళ్ళు కుంచె పట్టిన దాలయ్యది ఈమధ్యనే కొద్దిగా వణకడం మొదలుపెట్టింది.

కారు శృంగవరపుకోట బియ్యపు మిల్లు యజమాని నరసింగరావుది. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర విశాఖపట్నంలో కొన్నాడు. మన కార్ల బ్రేకులు డ్రమ్ములో మూతపడి ఉంటాయి. దీని ముందు బ్రేకులు అలా కాదు. బోసిగా తిరిగే ఒక ఇనుప పళ్ళెం, దాన్ని రెండువైపుల నుంచి కరిచిపట్టే ఒక ఇనుప దవడ. మెకానిక్కు ఎల్లాజీ దాన్ని కాలిపర్ అన్నాడు; మిగిలినవాళ్ళు దవడ అనే అన్నారు. ఏదో పత్రికలోని బొమ్మలో చక్రపు పుల్లల మధ్య నుంచి ఆ దవడ ఎర్రగా కనిపించడం నరసింగరావు చూశాడు. దసరాకి తన కారుదీ అలాగే కనిపించాలన్నాడు.

నాలుగు రూపాయల ఎనామెల్ చాలునని, అద్దంలా మెరుస్తుందని దాలయ్య చెప్పాడు. బ్రేకు పట్టినప్పుడల్లా దవడ కాలుతుందని, దాన్ని విప్పి, రంగు వేసి, కొలిమిలో కాల్చి బిగించవచ్చునని ఎల్లాజీ చెప్పాడు. అయితే విప్పితే లోపలి రబ్బర్లు మార్చాలి, అవి ఇక్కడ దొరకవు. అప్పుడు కిరసనాయిలు తొట్టి వెనక నుంచి, రోజుకు రూపాయి పావలాకు సామాన్లు కడిగే అసిరమ్మ నోరు విప్పింది.

"లాంచీల పొగగొట్టాలకి ఓ ఎరుపు ఏస్తారు బాబూ. మెరవదు గానీ, కాలినా పోదు. విశాఖపట్నంలో దొరుకుద్ది."

ఆమె తండ్రి భావనపాడులో పడవలకు రంగులు వేసేవాడు. పద్దెనిమిది రూపాయల డబ్బా వచ్చిన రోజున ఆమె రెండు రేకు ముక్కలకు రెండు రంగులూ పూసి, నరసింగరావు ఎదుటే కొలిమి మీద పెట్టింది. దాలయ్య ఎనామెల్ అందరూ చూస్తుండగా బుడగలెత్తి నల్లబడిపోయింది.

"ఏరా దాలయ్యా, నీ ఇరవై యేళ్ళూ పొయ్యిమీద ఎట్టీసినాదిరా ఈ ఆడగుంట!" అని నరసింగరావు పొట్ట పట్టుకు నవ్వాడు.

షెడ్డు యజమాని జగన్నాధం నవ్వలేదు, లెక్క కట్టుకున్నాడు. పండగ వెళ్ళాక కుంచె అసిరమ్మదేనన్నాడు, కూలి రూపాయి ముప్పావలా. రోజుకు మూడు రూపాయలు తీసుకునే దాలయ్య ఇక రెండుంపావలాకు రేకులు సాగగొట్టుకోవచ్చు. మూడు రూపాయల పని రూపాయి ముప్పావలాకు ఎవరికి దక్కుతోందో షెడ్డులో అందరికీ తెలుసు. దాలయ్యకు మాత్రం ఆ మణికట్టు తప్ప మరేమీ కనిపించలేదు.

ఆ ఎండవేడికి పూత ఆరి గట్టిపడ్డాక, అసిరమ్మ గంజితో అంటించిన కాగితాన్ని మెల్లగా ఊడదీసింది. ఇటుకరంగు దవడ అంచున గీత దారం పట్టి లాగినట్టు వచ్చింది. పళ్ళెం మీద చుక్క పడలేదు.

"ఎలగుంది దాలయ్యన్నా?"

"ఉన్నాది," అన్నాడు దాలయ్య, తల తిప్పుకుని.

అంతలో జగన్నాధం చేతిలో గిన్నెతో వచ్చాడు. "ఇదేటే, ఇటికముక్కలాగున్నాది? మెరుపేదీ? నువ్వెల్లి బంతిపూలు పట్టుకురా. ఒరే దాలయ్యా, నూనె సింధూరం దట్టంగా పూసీ. మెరుపుకి మెరుపూ, పూజకి పూజా. సాయంత్రం బండెల్లిపోవాల."

గిన్నె పెట్టి అతడు లోపలికి వెళ్ళాడు. అసిరమ్మ బజారుకు వెళ్ళింది. దాలయ్య ఒంటరిగా మిగిలాడు.

పండగకు ప్రతి బండి చక్రానికీ నూనె సింధూరం పూయడం ఆ షెడ్డులో ఆనవాయితీ. మూతపడిన బ్రేకులకు దానివల్ల ఏ హానీ లేదు. కానీ ఊరికి బయలుదేరుతూ ఎల్లాజీ అన్న మాట దాలయ్య చెవిలోనే ఉంది: "ఈ పళ్ళెం మీద నూనె సుక్క పడకూడదు. పడితే బండి ఆగదు."

బండి ఆగకపోతే? దవడకు పని చేసిందెవరని అడుగుతారు. ఆడదాని చేతి పని అంటారు. ఆ ఒక్క మాట పుట్టిందంటే కుంచె మళ్ళీ తన చేతికి వస్తుంది. దానికి తాను చేయవలసిందల్లా యజమాని చెప్పిన పనే.

దాలయ్య రెండు వేళ్ళు గిన్నెలో ముంచి దవడ నెత్తిన రాశాడు. చిక్కటి ఎర్రచుక్క ఒకటి మెల్లగా కిందికి జారి, అసిరమ్మ గీతను దాటి, పళ్ళెం వైపు సాగింది.

చెయ్యి దానంతటదే వెళ్ళింది. కారుతున్న చుక్కను ఆపడం ఇరవై రెండేళ్ళ అలవాటు. బొటనవేలితో చుక్కను ఆపాక గానీ అది ఎక్కడికి పోతోందో అతని మనసుకు పట్టలేదు. రేపు పండగకు ఈ బండి మూడు లాంతర్ల కూడలిలో, పైడితల్లి గుడికి పోయే జనం మధ్యలోంచి నడవాలి. అతడు భుజం మీది గుడ్డను కిరసనాయిల్లో ముంచి నూనె ఆనవాలు లేకుండా తుడిచాడు. గిన్నెను ఇసకలో బోర్లించాడు.

"పూసీసినావా?" జగన్నాధం గుమ్మంలోంచి అడిగాడు.

"పుయ్యను బాబూ. నూనె దిగితే బండి ఆగదు. ఎల్లాజీ సెప్పి ఎల్నాడు."

"ఇన్నేళ్ళూ పూసినాం. ఏ బండి ఆగలేదురా?"

"అయి మూతున్నయి. ఇది బోసిగున్నాది."

"అది కాదురా. దానికి కుంచె ఇచ్చినానని నీకు కడుపుమంట!"

దాలయ్య నూనె గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

"మంటున్నాది బాబూ. లేదనను. అయినా పుయ్యను."

"అయితే పండగెల్లాక నువ్వు పనికి రానక్కర్లేదు."

అప్పుడే అసిరమ్మ పూలతో వచ్చింది. దాలయ్య ఎర్రటి వేళ్ళు చూసి ఆమె ముఖం పాలిపోయింది. పూలు అక్కడే వదిలేసి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గీత పొడవునా గోరుతో తడిమింది. దాలయ్య ఆ గోరునే చూశాడు. ఎక్కడైనా ఒక వంకర తగిలితే బాగుండునని అప్పటికీ అతని మనసు కోరింది. తగల్లేదు.

"ఇంకో గిన్నె కలిపి నువ్వు పూసీయే అసిరీ," అన్నాడు జగన్నాధం.

"పళ్ళెం మీద నూనె దిగితే బండి ఆగదే," అన్నాడు దాలయ్య.

ఆమె ఇసకలోని గిన్నెనూ దాలయ్య వేళ్ళనూ మార్చి మార్చి చూసింది. లేవలేదు. చేతులు కోకకు తుడుచుకుని, దవడకు అడ్డంగా అక్కడే చతికిలబడింది. కాసేపటికి దాలయ్య కూడా వెళ్ళి ఆ పక్కనే కూర్చున్నాడు. జగన్నాధం కేకలు వేస్తున్నాడు.

ఆమె గీసిన గీత దాలయ్య ముఖానికి జానెడు దూరంలో ఉంది. చూడకూడదనుకున్నాడు. మళ్ళీ చూశాడు. అది ఇంకా తిన్నగానే ఉంది.