పగ్గాలు వదిలిన నేరం

దొరల వాహనం ఎదురైతే రైతు బండి దిగి, తలగుడ్డ తీసి, పక్కన నిలబడాలి. వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఈ మర్యాదను ఎవరు విధించారో ఎవరికీ తెలియదు. మీరితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. దాన్ని పాటించినందుకే కొత్తకోట దగ్గర హన్మంతు కాలు విరిగింది. అతని ఎడ్లను బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశారు.

ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే మక్తేదారు మాధవరావు ఆ సంవత్సరం మిత్రులను కూడగట్టి, మోటారు సైకిళ్ల మీద వనపర్తి నుంచి గద్వాలకు యాత్ర పెట్టాడు. జట్టును నడిపే బాధ్యత హైదరాబాదులో మోటారు పని నేర్చిన దానియేలుది. బయలుదేరే ముందే అతడు అందరికీ ఖండితంగా చెప్పాడు: ముందు బండి లేపిన దుమ్ము అణగకుండా వెనుక బండి కదలరాదు. బాటలు కలిసే చోట జట్టులో ఒకరు కాపు నిలబడాలి. ఎడ్లబండి వస్తే మోటారు సైకిళ్లనే ఆపి, దాన్ని పోనివ్వాలి. బండివాణ్ని మాత్రం కిందికి దింపరాదు. చప్పుడుకు బెదిరిన ఎడ్లకు పగ్గాలే దిక్కు.

కొత్తకోట అవతలి కూడలిలో కాపు వంతు మాధవరావు బావమరిది రంగారావుది. అడ్డబాటలో హన్మంతు ఎరువు బండి తోలుకుంటూ వచ్చాడు.

"ఏందిరా, కండ్లు గనపడ్తలేవా? దిగు!"

"దిగుతున్న దొరా."

దిగాడు. తలగుడ్డ తీశాడు. అంతలో మొదటి మోటారు సైకిలు వచ్చింది. ఎడ్లు బెదిరి బాట మీదికి దూకాయి. వాటిని పట్టుకోబోయిన హన్మంతు కాలి మీదుగా బండి చక్రం పోయింది. మోటారు సైకిలు మీది మిత్రుడు గుంటలో పడ్డాడు. అతని మోచేయి గీరుకుంది.

ఆ మోచేతి కోసం విచారణ జరిగింది. ఈ కాలి కోసం జరగలేదు.

తన గడి అరుగు మీద మాధవరావు మిత్రులతో కూర్చున్నాడు. కింద హన్మంతు భార్య కిష్టమ్మ నిలబడింది. తొలివాన కురిసి, చుట్టూ చేలలో విత్తనాలు పడుతున్నాయి. ఎడ్లు లేక ఆమె చేను ఒక్కటే బీడుగా మిగిలింది.

"పగ్గాలిడిసి నిలవడితే ఎడ్లు ఊకుంటయా?" అన్నాడు రంగారావు. "తప్పు వానిదే. అందరి ముంగట ఒప్పుకో, ఎడ్లను తోలుకపో."

"దిగకుంటే ఏం జేస్తుంటిరి దొరా?"

రంగారావు బావ వైపు చూశాడు.

"దిగితే గిది, దిగకుంటే కొరడా. మరి మేము ఏడ నిలవడాలె? గాలిలనా?"

అరుగు చివర ఎవరో నవ్వాపుకున్నారు. దానియేలు ముందుకు వచ్చాడు.

"బండివాణ్ని దింపొద్దని జెప్పిన దొరా. ఈయన దింపిండు. ఈయనను ఆడ నిలవెట్టింది నేను, నాదీ తప్పే. ఈ సంగతి తేలేదాక, వచ్చే నెల పెట్టుకున్న నాగర్‌కర్నూలు యాత్రకు నేను రాను."

దానియేలు లేకుండా తామూ కదలమని మిత్రులు వెంటనే అన్నారు. ఒక మనిషి కాలు విరిగినప్పుడు పెగలని నోళ్లు అవే. మాధవరావులో కదిలినది మనస్సాక్షి అని నేను నమ్మను. కదిలింది నాగర్‌కర్నూలు యాత్ర.

"పోనియ్. దయదలిచి ఇడిసిపెడుతున్న. తోలుకపో."

"దయ ఎవలడిగిన్రు? తప్పు ఎవలదో జెప్పుండ్రి."

మాధవరావు గొంతు తగ్గించాడు. "సరె. మాదే."

"నాకు జెప్పుడేంది దొరా? కాలిరిగింది మా ఇంటాయనకు. దవాఖానల పండిండు. ఆడికొచ్చి జెప్పుండ్రి."

"దీని పొగరు జూడు బావా!" అని రంగారావు పెద్దగా నవ్వాడు.

మాధవరావు నవ్వలేదు. దానియేలు వైపు చూశాడు. అతడు చేతులు కట్టుకుని, ఉన్నచోటే నిలబడి ఉన్నాడు. మిత్రులలో ఒక్కరూ రంగారావును సమర్థించలేదు.

"నడువ్ రంగా," అంటూ మాధవరావు లేచాడు.

దొడ్డి తాళం తీశారు. కిష్టమ్మ ఎడ్లను ముందు తోలుతూ దవాఖాన బాట పట్టింది. దొరలిద్దరూ వెనుక నడిచారు. రంగారావు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

"జర జల్ది నడువుండ్రి దొరా," అన్నది కిష్టమ్మ వెనక్కి చూడకుండానే. "ఇత్తనం ఏసేలోపు చేన్ల పదును ఆరిపోతది."