ఆపవద్దని రాసిన చీటీ

మూడో జత వాల్వులు కూడా పోయాయని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బావని తిట్టాను.

"ఆయనకి చేతులు ఊరుకోవు. వేసి ఆపి, వేసి ఆపి వాటిని చంపేస్తున్నాడు" అన్నాను.

"ఆయన ఆ స్విచ్చిని ముట్టుకోనైనా ముట్టుకోడురా" అంది అక్క.

నేను చెవిన పెట్టలేదు. పాత ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పైగా ముప్ఫై ఏళ్ళ అనుభవం. తప్పు నాది కాకపోతే ఎదుటివాడిదే కదా.

బావ వాద్యాలు శ్రుతి చేసే మనిషి. నా మీటరు పట్టుకోలేని తేడా ఆయన చెవి పట్టుకునేది. "ఎడమ పక్క కాస్త నీరసంగా ఉందిరా" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. తర్వాత మీటరు పెట్టి చూస్తే ఆ మాటే నిజమయ్యేది, నాకు ఒళ్ళు మండేది. అలాంటి చెవులకి డాక్టరు గడువు పెట్టాడు. నరం ఎండిపోతోందట. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర.

బావ ఏడవలేదు. పని మానేశాడు. గోడకున్న అయిదు అరల్లోని రికార్డుల్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వినేస్తానన్నాడు. "కడుపునిండా తిని లేచినట్టు లేస్తాను" అన్నాడు. ఎక్కడిదాకా విన్నాడో గుర్తుకి రికార్డుల మధ్య ఒక ఎర్ర అట్టముక్క పెట్టుకున్నాడు.

దానికోసం నేనొక ప్రీ-ఆంప్ కట్టిచ్చాను. రికార్డు ప్లేయరు నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెంచి ఆంప్లిఫయరుకి అందించే చిన్న పెట్టె అది. లోపల రెండు గాజు వాల్వులు, పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగేవి. ఎప్పుడో మూసేసిన ఫ్యాక్టరీ సరుకు, డబ్బా విప్పనివి, నేను ఏళ్ళ తరబడి ఏరి దాచుకున్నవి. పదేళ్ళు రావలసినవి. బావ ఇంట్లో ఒక్కో జత నెల తిరిగేసరికి నీరసపడుతోంది, రెండో నెలకి మూలుగుతోంది.

నీరసపడ్డ దగ్గర్నుంచి బావ వినడం ఆపేసేవాడు. ఒక్కసారే వినాలనుకున్నవాడు అరకొరగా ఎలా వింటాడు? వేరే పెట్టె తెస్తానన్నా ఒప్పుకోలేదు. నేను ఇంకో జత వెతికి, పరీక్షించి, తీరిక చేసుకుని వెళ్ళేదాకా ఆ కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. అక్క నవ్వుతూనే అనేది: "నాతో చేసిన కాపురం కంటే ఆ పెట్టెతో చేసేదే ఎక్కువైంది." మూడోసారి ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

నా దగ్గర ఇక ఒక్క జతే మిగిలింది. దాన్ని పెట్టబోయే ముందు, అక్క పంపిన మూడో జతతో కలిపి పోయిన మూడు జతల్నీ బల్ల మీద వరసగా పేర్చాను. స్విచ్చి వేసి ఆపడం వల్ల పోతే లోపలి తీగ తెగాలి. ఒక్కదానిలోనూ తెగలేదు. గాలి జొరబడితే గాజు లోపల పైభాగంలో ఉండే వెండిపూత తెల్లబడాలి. తళతళలాడుతోంది. ఆరింటికీ ఒకటే జబ్బు: వెలుగుతున్నాయి గానీ సత్తువ లేదు.

అప్పుడు చివరి జత డబ్బా విప్పాను. అందులో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. ప్రతి డబ్బాలోనూ ఉంటుంది. నేనెప్పుడూ చదవలేదు, నాకు తెలియనిది ఫ్యాక్టరీవాడు చెబుతాడా అని. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది: కరెంటు లాగకుండా ఈ వాల్వును ఎక్కువకాలం వేడిగా ఉంచరాదు, లోపలి తీగ చుట్టూ ఉన్న పూత చెడి సత్తువ పోతుంది.

తల కొట్టేసినట్టయింది.

బావ పెట్టెకి రెండు స్విచ్చులు పెట్టింది నేనే. మొదటిది వాల్వుల్ని వేడిగా ఉంచుతుంది, రెండోది వేస్తేనే పాట పలుకుతుంది. చల్లటి వాల్వు ఒక్కసారిగా వేడెక్కితే దెబ్బతింటుందని, అందుకే ఎప్పుడూ చల్లబడనివ్వకూడదని మా గురువు చెప్పేవాడు. ఆయన రేడియో స్టేషన్లో చేసినవాడు. అక్కడ వాల్వులకి పగలూ రాత్రీ పని ఉండేది. బావ ఇంట్లో రోజుకి రెండు గంటల పని, మిగతా ఇరవై రెండు గంటలూ ఊరికే వేడి. ఆ తేడా నాకు తట్టలేదు. పైగా మొదటి స్విచ్చి పక్కన ఎర్ర ఇంకుతో చీటీ రాసి అంటించాను: "ఎప్పుడూ ఆపవద్దు." బావ నా మాటని నెత్తిన పెట్టుకున్నాడు. ఎంత బాగా పాటిస్తే అంత తొందరగా చచ్చాయి వాల్వులు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. మొదటి స్విచ్చి మీద దుమ్ము పేరుకుని ఉంది. అక్క చెప్పింది నిజమే.

కొత్త జత బిగించాను. బావ అట్టముక్క దగ్గరి రికార్డు తీసి పెట్టాడు. వయొలిన్ మొదలైంది. ఎడమ పక్క నుంచి గరగర. సన్నది కాదు, వంటింట్లోంచి అక్క కూడా తొంగి చూసింది. వాల్వు కాళ్ళు సాకెట్లో సరిగ్గా కూర్చోలేదు, ఒక్కసారి కదిపితే పోయేదే. ఎడమ పక్క తేడా ఉందని బావే అంటాడని నేను చెయ్యి చాచి ఆగాను.

బావ కళ్ళు మూసుకుని వేళ్ళతో తాళం వేస్తున్నాడు. "ఇప్పుడు శుభ్రంగా ఉందిరా" అన్నాడు.

ఆయన చూడకుండా వాల్వు కదిపాను. గరగర పోయింది. బావ మొహంలో ఏ మార్పూ లేదు.

"బావా, తప్పు నాది" అన్నాను. ఆయన రికార్డు కవరు తిప్పి చూసుకుంటున్నాడు. "నేను రాసిన చీటీ వల్లే పోయాయి" అన్నాను.

"ఏమే, టీ అయిందా?" అని వంటింటి వైపు కేకేశాడు బావ.

గట్టిగా అరిస్తే వినిపించేదేమో. తిట్టడానికి లేచే నా గొంతు దానికి లేవలేదు. పాత చీటీ గోటితో గీకి తీసి, కొత్త కాగితం మీద రాసి అంటించాను: "విన్నాక రెండూ ఆపాలి. ఆపవద్దనడం నా తప్పు. వాల్వులు అందుకే పోయాయి."

బావ చదివాడు. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాడు.

"మూడు జతలూనా?"

తల ఊపాను.

ఆయన అరల వైపు చూశాడు. ఎర్ర అట్టముక్క ఇంకా రెండో అర మధ్యలోనే ఉంది.

"మొదటి జత పెట్టినప్పుడు నాకు రెండు చెవులూ ఉన్నాయిరా" అన్నాడు.

కోపంగా అనలేదు. వాద్యంలో తేడా ఎక్కడుందో చెప్పేటప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. అదే నేను భరించలేకపోయాను.

తర్వాత రికార్డు తిరుగుతుండగానే చెయ్యి చాచి, దుమ్ము పట్టిన ఆ మొదటి స్విచ్చి ఆపేశాడు. వాల్వులు వెంటనే చల్లబడవు. వయొలిన్ సన్నబడుతూ, సన్నబడుతూ ఇంకా కాసేపు వినిపించింది, నాకు.