సెగుందో కాళ్ల కోసం బింగో

నూనె మళ్లీ పొగలు కక్కింది. నోల్ఫా మంట తగ్గించి, గుమ్మడి ముద్ద కలిపిన పిండిని ఒత్తసాగింది. పొద్దున ఆరింటికి పొయ్యి దగ్గర నిలబడింది. ఇప్పుడు మూడు దాటింది. నాలుగు వందల సోపైపిల్లాలు, అదే గుమ్మడి పూరీలు, వేయించింది. ఒక్కోటి మూడు వందల పెసోలు.

రేవులో ఎవరికైనా జబ్బు చేస్తే టిక్కెట్లమ్మి, ఆ డబ్బు కోసం బింగో అనే అంకెల ఆట ఆడిస్తారు. ఈ ఏడాది ఇది నాలుగోది. మొదటిది ఒకడి కిడ్నీకి, రెండోది ఓ ముసలావిడ తుంటికి, మూడోది పసిబిడ్డ గుండెకి. ఇవాళ్టిది సెగుందో కాళ్లకి.

సెగుందో నత్తగుల్లలు ఏరే డైవరు. పద్దెనిమిది మీటర్ల లోతున ఉండగా, పడవలో గాలి పంపే కంప్రెసరు బెల్టు తెగింది. ఒక్కసారిగా పైకి రావాల్సొచ్చింది. ఒంట్లో గాలిబుడగలు కట్టి కాళ్లు చచ్చుబడ్డాయి. ప్రభుత్వాసుపత్రి పేదవాడని ఊరికే చేర్చుకుంది. మంచం మీదున్న రోజులకి కూలీ మాత్రం బీమా వాటా కట్టినవాళ్లకే ఇస్తారు. అతను కట్టలేదు. రేవులో ఎవరూ కట్టలేదు.

బింగో ఆడుతున్న డైవర్ల సంఘం గదిలో, గుమ్మం పక్క బల్ల మీద ఓ కాగితం, పెన్ను ఉన్నాయి. అమ్మే సరుకులో నూటికి ఏడు పెసోలు ముందే పట్టుకుని, డైవర్లందరి పేరునా బీమాకి కట్టే ఒప్పందమది. అంటే కిలోకి నూట నలభై పోతుంది. అందరూ చేరితేనే సరుకు కొనే ఫ్యాక్టరీ ఒప్పుకుంటుంది. ముప్పై ఒక్కమందిలో ముప్పై సంతకాలు పడ్డాయి. పడనిది నోల్ఫా మొగుడు అర్నోల్దోది.

"ఇరవై రెండు! రెండు బాతులు!" ఇర్మా అరిచింది. కొట్టు నడిపే ఆవిడే ఎప్పుడూ అంకెలు చదివేది; రెండంకె బాతులా ఉంటుందని అలా పిలుస్తుంది. జనం చీట్ల మీద చిక్కుడు గింజలు పెట్టుకుంటున్నారు.

ముందు వరసలో, అడిగి తెచ్చిన చక్రాల కుర్చీలో సెగుందో నవ్వాడు. "నడిచినన్నాళ్లూ నా కాళ్లనెవరూ చూళ్లేదక్కా. ఇప్పుడు టిక్కెట్టు పెట్టి చూస్తన్నారు."

అర్నోల్దో ఖాళీ పళ్లెం తెచ్చి నోల్ఫా ముందు పెట్టాడు.

"సంతకం చేశావా?" అందామె, తలెత్తకుండా.

"మళ్లీ మొదలెట్టావా? నేను తాగను. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి తొందరపడి పైకి రాలేదు. తాగి నీళ్లలోకి దిగేవాడికి నా కిలోలోంచి కోస్తారా?"

"సెగుందో తాగాడా?"

"వాడి సంగతి వేరు. గొట్టం పట్టుకుని వాణ్ణి లాగింది నేను, గవర్నమెంటు కాదు."

"లాగావు. ఎవరు కాదన్నారు? లాగిన తర్వాత మంచం మీద ఆర్నెల్లో?"

"అందుకేగా బింగో."

"బింగో అంటే నా నడుం." పిండి చేతిని అప్రాన్‌కి తుడుచుకుంది. "నీ జాగ్రత్త చూసి బెల్టు తెగకుండా ఆగుద్దా?"

"ఇష్టమున్నోళ్లు కట్టుకోమను. నా మెడ మీద కత్తెందుకు?"

"ఇష్టం మీద వదిలేస్తే, మంచమెక్కాకే అందరికీ ఇష్టమొస్తది."

అతను వెళ్లి తన చీటీ ముందు కూర్చున్నాడు. నాలుగు అంకెల తర్వాత చెయ్యెత్తాడు.

"బింగో!"

బహుమతి ఎలక్ట్రిక్ కెటిల్. మూడు బింగోల నుంచీ అదే. గెలిచినవాళ్లు చప్పట్లు కొట్టించుకుని, పెట్టె విప్పకుండా తర్వాతి రోగి కోసం తిరిగిచ్చేస్తారు. పోయినసారి గెలిచి ఇచ్చింది సెగుందోనే.

అర్నోల్దో నవ్వుతూ పెట్టె తెచ్చి భార్య చేతికిచ్చాడు. "దాచిపెట్టు. తర్వాతోళ్లకి పనికొస్తది."

నోల్ఫా పెట్టె వైపు చూసింది. మూలలు నలిగి, టేపు పసుపెక్కింది. గోరుతో టేపు పీకేసింది.

"ఏయ్ నోల్ఫా! అది ఊరి కెటిలే!" ఇర్మా కేకేసింది.

"ఇన్నాళ్లుంది ఊరి దగ్గర, ఎవరికన్నా గుక్కెడు టీ ఇచ్చిందా వదినా?"

కెటిల్లో నీళ్లు పోసింది. ప్లగ్గు పెట్టింది. సోపైపిల్లాల పొయ్యి ఆపేసింది. గిన్నెలో ఇంకా సగం పిండి ఉంది.

"నోల్ఫా..." అర్నోల్దో గొంతు తగ్గించాడు. "జనం చూస్తన్నారు."

"చూడనీ. తర్వాతి బింగోకి నేను నిలబడను. అది నీకైనా సరే."

అప్రాన్ విప్పి అతని భుజం మీద వేసింది. గదిలో గింజల చప్పుడు ఆగిపోయింది. కెటిల్ సన్నగా మూలగడం మొదలెట్టింది.

మొదటి కప్పు సెగుందోకిచ్చింది. అతను రెండు చేతులా పట్టుకుని తాగాడు. అర్నోల్దో ఇంకా అక్కడే నిలబడ్డాడు, భుజం మీద అప్రాన్‌తో. ఒక పక్క చల్లారుతున్న నూనె. ఇంకో పక్క, గుమ్మం దగ్గర, పెన్ను.