చిట్టితల్లి దాక్కున్న తోట

ట్రాక్టర్ ఎనిమిదింటికి వస్తుంది.

ఫోన్‌లో లోవలక్ష్మి చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఫణిశ్రీ టీ గ్లాసు అలాగే వదిలేసి స్కూటీ తీసింది. నర్సీపట్నం దాటేసరికి ఏడుంపావు. మాకవరపాలెం రోడ్డు నిండా మంచు. చెరకు తోటలు, కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే పాలబళ్లు, అన్నీ ఎవరో సగం గీసి వదిలేసిన బొమ్మల్లా ఉన్నాయి.

నయం కాని జబ్బులున్న పిల్లల ఇళ్లకు వెళ్లడం ఆమె ఉద్యోగం. మందుల సంగతి నర్సు చూసుకుంటుంది. ఫణిశ్రీ పిల్లలతో ఆడుతుంది, పెద్దవాళ్లు ఎవరికీ చెప్పుకోలేనివి వింటుంది. పిల్ల పోయాక కూడా ఆ ఇంటికి వెళ్లడం మానదు. ఏడేళ్ల చిట్టితల్లి బ్లడ్ క్యాన్సర్‌తో పోయి నలభై రోజులైంది.

తల్లి లోవలక్ష్మి అరుగు మీద కూర్చుని ఉంది. అయిదో నెల కడుపు. పక్కన గిన్నెలో అన్నం, ముట్టుకోలేదు.

"రేత్రి మల్లా కల్లోకొచ్చింది మేడమ్. జీడిచెట్టు ఎనక దాక్కుని, అమ్మా, నానిక్కడున్నాను అంటాది. ఎల్తాను. ఉండదు. ఇంకో చెట్టు ఎనకాల నవ్వుతాది. తోటంతా తిప్పేస్తాది."

ఆ కల రోజూ వస్తోంది. ఎందుకో ఫణిశ్రీకి తెలుసు. ఆ ఇంట్లో పసిపిల్లలు పోతే పూడుస్తారు. గుర్తు పెట్టరు. దినం చెయ్యరు. తల్లి అటు వెళ్లకూడదు. కడుపుతో ఉంటే అసలే కూడదు. ఆ రోజు తండ్రి అప్పలరాజును కూడా గట్టు దగ్గరే ఆపేసి, తాత సోములు ఒక్కడే పిల్లను ఎత్తుకుని తమ జీడితోటలోకి నడిచాడు. ఒక్కడే తవ్వాడు. తోటలో నూట ఇరవై చెట్లు. ఎక్కడన్నది ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"నిన్న ఈయన తోట దున్నించాలా అనడిగితే దున్నించు అనీసినాడు మావ," అంది లోవలక్ష్మి. "నా బిడ్డ మీంచి ట్రాక్టర్ ఎల్లిపోద్ది. మట్టంతా ఒకలాగే అయిపోద్ది. ఇంక నాకెప్పుడు దొరుకుద్ది మేడమ్?"

అప్పలరాజు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. "నాన్నే దున్నమన్నాడు కదా, పిల్ల అటేపు లేదేమో అనుకున్నానండి."

ఏడూ నలభై. ఫణిశ్రీ పెరట్లోకి నడిచింది. సోములు పశువుల పాకలో ఆవుకి గడ్డి వేస్తున్నాడు.

"అడక్కు తల్లీ. సెప్పను."

"ఎందుకు తాతగారూ?"

"తెలిస్తే అక్కడే కూకుంటాది. తిండి మానేస్తాది. కడుపులో ఇంకొకటున్నాది. పెద్దోలు ఊరికే అన్నారేటి?"

"ఇప్పుడు తింటోందా?"

గడ్డి వేస్తున్న చెయ్యి ఆగింది.

"పోనీ ట్రాక్టర్ ఆపించండి."

"ఆపితే ఎందుకాపినావు, ఎక్కడ అనడగరేటి? సెప్పినట్టే కదా."

దూరంగా ఇంజన్ చప్పుడు. మంచులో అది ఏ పక్కనుంచి వస్తోందో తెలియడం లేదు.

"తాతగారూ, నేనొక తప్పు చేశాను," అంది ఫణిశ్రీ. "ఆఖరి వారం చిట్టితల్లీ నేనూ బొమ్మలకి రంగులేస్తున్నాం. నన్నెక్కడ పెడతారు అనడిగింది. అమ్మనడిగితే ఏడుస్తుందట, అందుకని నన్నడిగింది. అమ్మకి తెలుస్తుందా అంది. నా చేతిలో లేని మాట ఇవ్వకూడదు. అది మా ఉద్యోగంలో మొదటి పాఠం. అయినా తెలుస్తుందమ్మా అనేశాను."

సోములు చేతిలోని గడ్డిని ఆవు ముందు పడేశాడు.

"ఆ మాట మీ చేతిలో ఉంది."

ఆవు మోరెత్తి చూసింది. ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని దొడ్డిదారిన వెళ్లిపోయాడు.

ఫణిశ్రీ లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని తోట దగ్గరికి చేరేసరికి రెండు వరసలు దున్నడం అయిపోయింది. ట్రాక్టర్ మూడో వరసలో ఆగి హారన్ కొడుతోంది. ఎదురుగా చెట్టు కింద సోములు, కాళ్లు బారజాపుకుని.

"తాతా, లెగు! టైరు కింద పడతావు!" డ్రైవర్ మంగరాజు కేక.

"కాలు పట్టేసినాదిరా. సుట్టూ దున్నుకో."

"ఇంత తోటుంటే ఇక్కడే పట్టేసినాదేటి?"

"నిన్నడిగి పట్టాలేటిరా నా కాలు? నాను లెగను."

మంగరాజు మళ్లీ నోరు తెరిచాడు. అప్పుడే గట్టు మీద నిలబడ్డ లోవలక్ష్మి కనిపించింది. ఇంక హారన్ కొట్టలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

గట్టు దగ్గర లోవలక్ష్మి పాదం ఆగింది. ఫణిశ్రీ లాగలేదు, నెట్టలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. మంచులో చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ చెట్టు వెనకా నవ్వు లేదు. ఒక్క చెట్టు కింద మాత్రం ఒక మనిషి ఉన్నాడు. లోవలక్ష్మి చెయ్యి విడిపించుకుని గట్టు దిగింది. నిద్రలో నడిచినట్టు నడిచింది. ఈసారి ఆ చెట్టు జరిగిపోలేదు. దగ్గరికి వెళ్లేకొద్దీ దగ్గరైంది.

"మావా..."

"నానేటీ సెప్పనేదు," అన్నాడు సోములు అటు తిరిగి. అని, కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

లోవలక్ష్మి కూర్చుంది. తడి మట్టి మీద అరచెయ్యి ఆనించింది. జ్వరం చూసేటప్పుడు నుదుటి మీద పెట్టినట్టే.

"దొరికీసినావే," అంది.

మంగరాజు ట్రాక్టర్ వెనక్కి తీశాడు. మెల్లగా చుట్టూ తిప్పి, నులకమంచమంత నేల వదిలేసి, అవతలి వరసలోకి వెళ్లిపోయాడు.

చాలాసేపటికి లోవలక్ష్మి తలెత్తింది. మంచు విడిపోతోంది. గట్టు మీద, ఆ రోజు తనను ఆపేసిన చోటే, అప్పలరాజు నిలబడి ఉన్నాడు.

"ఏటయ్యా, అక్కడే ఉండిపోనావు? రా," అంది. "ఆ అన్నం గిన్నె పట్రా. ఆకలేస్తంది."