జెర్రిపోతు గుడ్లు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తారామణి పెరట్లో పార పట్టుకుని ఉంది, లోపల పొయ్యి మీద కుక్కర్ ఉంది. మూడో విజిల్ రాగానే పోయి కట్టేయాలి. ఆమెకు సెలవంటే ఇంతే, రెండు పనుల నడుమ పెరట్లో దొరికే పావుగంట. జామచెట్టు కింద ఏడాదిగా పోగేసిన ఆకుల కుప్పను తిరగేస్తుంటే, అడుగు నుంచి ఒక పాము బయటికొచ్చి, గోడవారగా సాగి, దొండపందిరి కింద ఆగింది. ఆమె పార కింద పెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, నిలబడి చూసింది.

మనిషి నిలువును మించిన పొడుగు. గోధుమరంగు ఒళ్ళు, తోక వైపు నల్లటి వల. సన్నటి మెడ, పెద్ద గుండ్రటి కళ్ళు, పై పెదవి మీద కాటుకతో గీసినట్టు నిలువు గీతలు. భయంతో మెడ ఉబ్బించింది గానీ పడగలా వెడల్పుగా కాదు, నిలువుగా. జెర్రిపోతు. విషం లేదు. ఎలకల్ని తింటుంది, మనిషి అలికిడైతే తప్పుకుంటుంది. ఇంకొకటి కూడా ఆమె గమనించింది. నడుం నుంచి తోక దాకా పక్కల చర్మం ముడతలు పడి వదులుగా వేలాడుతోంది. ఈ మధ్యే కాన్పయిన ఒళ్ళు అది. అలాంటి ఒంటితో మూడో రోజే లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి కాబట్టి, చూడగానే పోల్చుకుంది.

ఆమెకివన్నీ ఎలా తెలుసంటే, ఉప్పల్లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా జువాలజీ ల్యాబ్ అసిస్టెంటు. గాజు సీసాల్లో చుట్టలు చుట్టుకుని ఉన్న పాములన్నిటి మీదా అతికించిన పేర్లు ఆమె చేతిరాతే. పోయినేడు ప్రాక్టికల్ పరీక్షలప్పుడు లెక్చరర్ మహిపాల్ సార్ కట్లపాము సీసా చూపించి, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారితో, ఇది విషం లేని తోడేలు పాము అన్నాడు. లేబుల్ వెనక్కి తిరిగి ఉంది మరి. సార్, అది కట్లపాము, వెన్ను మీది పొలుసులు పెద్దవి చూడండి అని తారామణి మెల్లగా అంది. ఆయన పరీక్షాధికారి వైపు చూసి నవ్వి, మేడం, రెండు చాయ్‌లు చెప్పండి అన్నాడు. మర్నాడు అదే పొలుసుల సంగతి పిల్లలకు తను కనిపెట్టినంత గొప్పగా చెప్పాడు. ఆమె పక్కనే నిలబడి సీసాలు తుడిచింది.

కుక్కర్ కట్టేయడానికి లోపలికి పోతూ, పెరట్లో జెర్రిపోతుంది, ఎవరూ కదిలించొద్దు అని చెప్పింది. అంతే, ఆమె భర్త దయాకర్ డాబా మీదికెక్కాడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి అతను ప్రొడక్షన్ మేనేజరు, కింద అరవైమంది పనిచేస్తారు. ఆ ధైర్యమంతా ఇప్పుడు డాబా మీద ఉంది. ఆమె అన్నం దించి మళ్ళీ పెరట్లోకి వచ్చింది, పాము ఎటు పోతుందో ఎవరో ఒకరు కనిపెట్టి చూడాలి కదా.

“నాగువాము అది” అన్నాడు పైనుంచి. “నువ్వు జర పక్కకి జరుగు, వీడియోల అడ్డమొస్తున్నవ్.”

నాగు కాదని, పెదవి మీది గీతలు చూడమని, ఊరుకుంటే అదే పోతుందని ఆమె చెప్పింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. “సీసాలు తుడిచేటోళ్ళంతా సైంటిస్టులైతే ఇగ యూనివర్సిటీలెందుకు?” అన్నాడు. వెనక వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూచున్న అత్తగారు వెంకటనర్సమ్మ కొడుకు మాటకు నవ్వింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన తెలివైన మాట అన్నప్పుడల్లా నవ్వే మనిషి ఒకరు ఇంట్లో ఉండనే ఉన్నారు, తారామణి నవ్వాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

దయాకర్ ఫోన్ చేస్తే, గంటన్నర తర్వాత నాగారం నుంచి గిరిప్రసాద్ అనే ఆయన బండి మీద వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, ఆదివారాలు పాములు పడతాడు. దొండపందిరి కిందికి ఒక్కసారి వంగి చూసి, డాబా వైపు తలెత్తి, “జెర్రిపోతండీ. విషం లేదు, కంగారు పడకండి” అన్నాడు. తారామణి పొద్దున అన్న మాటే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

“నేను గదే అంటున్న పొద్దట్నించి” అన్నాడు దయాకర్ మెట్లు దిగుతూ. “మా ఇంట్ల ఆడోళ్ళే ఆగమాగమైన్రు.”

తారామణి చేతిలో చాయ్ కప్పుల పళ్ళెం ఉంది. కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద ఎంతో కొంత ఆశ ఉండాలి. భర్త ముఖంలో ఎక్కడైనా ఒక చిన్న తొట్రుపాటు కనిపిస్తుందేమో అని చూసింది, అబద్ధమాడుతున్నానన్న ఎరుక ఉంటే అదైనా ఒక మర్యాద. లేదు. ఆయన నిజంగానే తాను పొద్దట్నుంచీ జెర్రిపోతనే అన్నట్టు నమ్మేశాడు. గిరిప్రసాద్ పామును సంచిలోకి ఎక్కించి, నారపల్లి అవతల అడవిలో వదిలేస్తానని చెప్పి, చాయ్ తాగి వెళ్ళాడు. వెళ్ళేముందు సంచితో దయాకర్ ఫొటో దిగాడు. మధ్యాహ్నానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటోకు నలభై మంది దండాలు పెట్టారు.

అన్నం దగ్గర అసలు సంగతి బయటికొచ్చింది. జెర్రిపోతంటేనే మగది, దాని ఆడది నాగువాము, ఒకటి కనపడిందంటే రెండోది ఇక్కడే ఎక్కడో ఉందన్నమాట అని దయాకర్ గోంగూర పచ్చడి కలుపుకుంటూ వివరించాడు. మా అవ్వ గూడ గదే చెప్పేది బిడ్డా అని వెంకటనర్సమ్మ వంతపాడింది. పాపం, విషం లేని సాధుజీవి మగది, విషం ఉన్నది ఆడది. ఎవరు కనిపెట్టారో గానీ ఎంత బాగా కనిపెట్టారు అనుకుంది తారామణి. జెర్రిపోతుల్లో ఆడవీ మగవీ రెండూ ఉంటాయని, నాగుల్లోనూ అంతేనని, కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు కూడా ఇది తెలుసునని చెప్పింది. మరి పేర్లనే పోతు అని ఉన్నది గదా అని ఆయన నవ్వాడు, అత్తగారు నవ్వింది, ఆమె లేచి పెరుగు గిన్నె తెచ్చింది.

“అందుకే ఎనకంత కాంక్రీటు ఏపిస్త” అన్నాడు దయాకర్ చేయి కడుక్కుంటూ. “గేటు ఎనక సందులకు పెడితే కారు లోపలికే వస్తది. పోశయ్య మేస్త్రీకి చెప్పిన, గురువారం మొదలుపెడ్తడు.”

అంటే పాముకు ముందే మేస్త్రీకి చెప్పి ఉన్నాడు. పాము తనంతట తాను వచ్చి ఆయనకు కారణం అందించింది, అంతే.

ఆ పెరడు సంగతి చెప్పాలి. నలభై గజాలు కూడా ఉండదు. పదకొండేళ్ళ కింద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రాళ్ళూ సిమెంటు పెళ్ళలూ పడేసిన జాగా అది. ఆమె తట్టలతో ఎత్తిపోసి, నారపల్లి దగ్గర ప్లాట్లకు తవ్వేస్తున్న చేనులోంచి ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి, ఆకులు కుళ్ళబెట్టి నేల చేసింది. గోంగూర, బచ్చలి, దొండ, కరివేపాకు, ఓ మూల మల్లె. ఆ పచ్చడి మీదే ఆయన పాముల శాస్త్రం చెప్పాడు. అయితే ఆమెకు అది కూరగాయల జాగా మాత్రమే కాదు. దోమలున్నాయని ఆయన రాడు, మెట్లు దిగలేనని అత్తగారు రాదు. ఆ ఇల్లు మొత్తంలో ఆమెను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. అక్కడ ఆమె ఏమీ ఆలోచించకుండా నిలబడగలదు. దాని మీద కారు పెడతారట.

సోమవారం చెప్పింది, మంగళవారం చెప్పింది. జెర్రిపోతు పోతే పందికొక్కులొస్తాయంది. నేల మూసేస్తే వాననీళ్ళు వంటింట్లోకి వస్తాయంది. చివరికి, నాకు ఆ జాగా కావాలి అని కూడా అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఇరవై రెండేళ్ళు పట్టింది. “కుండీలల్ల పెట్టుకో, ఎవలొద్దన్నరు” అన్నాడు ఆయన టీవీ చూస్తూ.

బుధవారం సాయంత్రం ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా పెరట్లోకి వెళ్ళింది. ఎలాగూ పోతుంది కదా, కుప్ప అడుగున నల్లటి ఎరువైనా కుండీలకు ఎత్తుకుందామని చేత్తోనే తవ్వుతుంటే వేళ్ళకు మెత్తగా తగిలింది. తెల్లటి గుడ్లు. కోడిగుడ్డంత లేవు, పొడుగ్గా ఉన్నాయి, పెంకు తోలులా అణుగుతోంది. ఒకదానికొకటి అతుక్కుని పదకొండు. ఆదివారం నాటి వదులు చర్మం గుర్తొచ్చింది. తల్లిని సంచిలో వేసుకుపోయారు, గుడ్లున్నాయని ఎవరికీ తెలియదు. తెలియకపోవడం ఏమిటి, తెలిసే అవకాశం ఉన్న ఒక్క మనిషినీ చాయ్ తెమ్మన్నారు. తల్లి లేకపోయినా ఎరువు వేడికి ఇవి పొదుగుతాయి, రెండు నెలలు కదిలించకుండా ఉంటే చాలు. రేపు పొద్దున గడ్డపార.

ఆమె గుడ్ల పక్కనే గొంతుక్కూచుంది. పందొమ్మిదేళ్ళలో ఒక్క సీసా మీద కూడా తప్పు పేరు అతికించలేదు. అనుమానం వస్తే మూత తీసి, ఫార్మలిన్ వాసనకు కళ్ళు మండుతున్నా పొలుసులు మళ్ళీ చూసి గాని రాయలేదు. నిజం చెబితే వింటారని కాదు, నిజం తన దగ్గర ఉందన్నదే ఆమెకున్న గర్వం. ఆ గర్వంతోనే ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో మాటలు పడింది. ఇప్పుడు ఆ నిజాన్ని తీసుకెళ్ళి వీళ్ళ ముందు పెట్టాలంటే రోత పుట్టింది. ఇంతమంచి వస్తువు వీళ్ళకెందుకు అనిపించింది. గుడ్ల మీద మళ్ళీ ఆకులు కప్పి, చేతులు కడుక్కుని, చపాతీ పిండి కలపడానికి వెళ్ళింది.

గురువారం ఏడున్నరకు పోశయ్య మేస్త్రీ ఇద్దరు కూలీలతో వచ్చాడు. దయాకర్ బనియన్‌తో నిలబడి, ఎక్కడి నుంచి ఎక్కడికి కొట్టాలో చేత్తో గాల్లో గీతలు గీస్తున్నాడు. వెంకటనర్సమ్మ వెనక వాకిట్లో కుర్చీ వేయించుకుంది. తారామణి చాయ్ కప్పులు తెచ్చి గట్టు మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అత్తమ్మా, ఈయన చెప్పిందే నిజమైంది” అంది. దయాకర్ ముఖం విచ్చుకుంది. “జోడీది ఉన్నది. తెల్లారంగ నేను చూసిన. పడగ ఇప్పి కూసున్నది.” కట్టెపుల్లతో ఆకులు పక్కకు జరిపింది. పదకొండు గుడ్లు తెల్లగా కనిపించాయి. “ఇగో, గుడ్లు పెట్టింది.”

ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పడగ మీద గుర్తుందా అని గాని, రంగేమిటని గాని, ఆదివారం నువ్వే కదా నాగు కాదన్నావని గాని అడగలేదు. పెదవి గీతలు చూపించినప్పుడు యూనివర్సిటీలు కావాలన్న మనిషి, అబద్ధాన్ని చాయ్ కప్పు అందుకున్నంత తేలిగ్గా అందుకున్నాడు. ఆదివారం నాడు నాగుపాము ఆయనకు వాదన. ఇప్పుడది పది అడుగుల దూరంలో ఆకుల కింద ఉంది. ఆయన మెట్టు ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు, బహుశా తనకు తెలియకుండానే.

పోశయ్య గడ్డపార గోడకు ఆనించాడు. “సారూ, నాగువాము గుడ్ల మీద నేనైతే గడ్డపార ఎయ్య. నాకు పిల్లలున్నరు” అన్నాడు.

మొన్నటాయన్ను మళ్ళీ పిలుద్దామని దయాకర్ ఫోన్ తీశాడు గానీ, నంబరు నొక్కేలోపే తల్లి అందుకుంది. “శ్రావణమాసంల, గుడ్ల మీదున్న ఆడదాన్ని లేపుతవా? అది నీ మొఖం గుర్తువెట్టుకుంటది కొడుకా” అంది. బోనాలు అయిపోయి ఇంకా రెండు వారాలు కాలేదు, ఆవిడ గొంతులో అమ్మవారు పూనినంత నిశ్చయం ఉంది. ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కారుకు బయట ఉన్న జాగా బాగానే ఉందని, సందులో గేటు పెడితే దొంగలొస్తారని, తానే వద్దనుకుంటున్నానని పోశయ్యకు చెప్పి పంపించాడు. కూలీలు చాయ్ తాగి గడ్డపారలు భుజాన వేసుకున్నారు. వెంకటనర్సమ్మ రోజూ పొద్దున గిన్నెలో పాలు పెట్టాలంది. ఎవరు పెట్టాలో చెప్పనక్కర్లేదు. ఆ పాలు కరివేపాకు మొదట్లో పోయొచ్చులే అనుకుంది తారామణి.

అందరూ లోపలికి పోయాక ఆమె ఆకులు సర్దింది. ఈ అబద్ధం ఎంత బాగా నడిచిందో చూస్తే నవ్వు రావాలి, రాలేదు. ఇన్నాళ్ళూ ఈ మనుషుల ముందా నేను సాక్ష్యాలు పెట్టుకుని నిలబడ్డది అని తనమీద తనకే జాలి వేసింది. ఇక నిజాన్ని కాలేజీ సీసాల కోసం, ఈ గుడ్ల కోసం దాచుకోవాలనుకుంది. లోపలున్న వాళ్ళకు వాళ్ళడిగిందే ఇస్తే చాలు. జాలి పోయాక ఒళ్ళు తేలికైంది. కాలేజీకి ఇంకా అరగంట ఉంది, ఆమె తొందరపడలేదు.

వంటింటి కిటికీ తలుపు కొంచెం తెరుచుకుంది. ఊచల వెనక దయాకర్. పెరట్లో ఇక ఆయన అడుగు పెట్టడు.

“తారా” అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా. “సరిగ్గనే సూసినవా? ఆడదేనా?”

ఇరవై రెండేళ్ళలో ఇది ఏమిటి అని ఆయన ఆమెను అడగడం అదే మొదలు. ఆమె పార అందుకుని లేచి నిలబడింది. మల్లె పాదులో మట్టి ఎగదోస్తూ, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పింది.

“సరిగ్గనే చూసిన. ఆడదే. విషం ఉన్నది.”