ఆ తిట్లు ప్రేమమ్మవి కావు

ఆరాధన సగంలో ఉండగా ప్రేమమ్మ లేచి నిలబడింది. సాక్ష్యం చెప్పడానికి లేచిందనుకున్నారు అందరూ. బీదర్ పక్కన చిద్రిలోని ఆ చిన్న చర్చిలో ఆమె లేస్తే పిల్లలు గుసగుసలు మానేస్తారు. వాళ్లకే కాదు, వాళ్ల తల్లులకు కూడా సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించింది ఆమే.

కాని ఆమె పక్క చాప మీద కూర్చున్న రాహేలు వైపు వేలు చూపించింది.

"నా కోళ్లు ఎత్కపోయింది ఇదే. దొంగముండ. ఏం తెల్వనట్టు కండ్లు మూసుకొని కూసుంది సూడు!"

ప్రేమమ్మ ఇంట్లో కోళ్లు పెంచడం మానేసి ఏళ్లు గడిచాయి. రాహేలు ఆమెకు చెల్లెలి కన్నా ఎక్కువ. పాస్టరు గారు ప్రార్థన ఆపేశారు. ప్రేమమ్మ ఇంకో మాట అంది. అలాంటి మాట ఆమె నోట ఎన్నడూ ఎవరూ విని ఉండరు. ఆమె నిలబడ్డ చోట చాప తడిసి, ఆ తడి గచ్చు మీదికి పాకింది. ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు చీరలు దగ్గరికి లాక్కున్నారు.

ఆమె కొడుకు జయానందం ఆ సంఘానికి కార్యదర్శి, బీదర్‌లో హైస్కూలు మాస్టరు. ఇస్త్రీ చొక్కాతో, చేతిలో బైబిలుతో ముందు నిలబడి ఉన్నాడు. గబగబా వచ్చి తల్లి రెక్క పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

"నడువ్ ఇంటికి."

"నువ్వెవడ్రా?" అంది ప్రేమమ్మ, కొడుకు ముఖంలోకి చూసి.

ఎవరో పిల్లవాడు నవ్వాడు. ఆ నవ్వు ఇల్లు చేరేదాకా జయానందం చెవుల్లో మోగుతూనే ఉంది.

*

ఇంటికి వచ్చాక కోడలు ఫెబా అత్తకు చీర మార్చింది. విప్పిన చీర బకెట్లో వేస్తూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"క్రిస్టీ డాడీ, ఇటు రా జర." హైదరాబాదులో చదువుకుంటున్న కూతురి పేరుతోనే ఆమె భర్తను పిలుస్తుంది. "అత్తమ్మ బట్టలు మునుపు గిట్ల వాసన రాలే. నీళ్లు గూడ తాగుతలేదు. గిలాస ఇస్తే పక్కకు పెడ్తాంది. దవాఖానకు తీస్కపోదాం."

"వయసు మీద పడ్డది. గంతే."

"పోయిన ఆదివారం పిల్లలకు పాటలు నేర్పిందిగద! వారంలనే అంత వయసు పడ్తదా?"

"దవాఖానకు తీస్కపోయి ఏమని చెప్పాలె? మా అమ్మ గుడిల బూతులు తిట్టింది, మూత్రం పోసిందని చెప్పాల్నా? పిచ్చి డాక్టర్ దగ్గరికి పంపుతరు. రేపు స్కూల్ల అందరికి ఎర్కైతది. ఉన్న ఇజ్జత్ కూడ తీస్తవా నువ్వు?"

జ్వరం ఉందేమోనని ఫెబా నుదురు తాకి చూసింది. లేదు. అది చూసి జయానందానికి ధైర్యం వచ్చింది. జ్వరమే లేనప్పుడు రోగం ఎక్కడిది?

మరునాడు పొద్దున ప్రేమమ్మ మామూలుగానే కనిపించింది. కొడుకును పేరు పెట్టి పిలిచి టీ అడిగింది. మధ్యాహ్నానికి మళ్లీ మారిపోయింది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేతులతో తుడవడం మొదలుపెట్టింది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఇలా చేస్తోందంటే కావాలనే చేస్తోందేమో అని జయానందానికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం వచ్చాక కోపం తెచ్చుకోవడం తేలికైంది.

సాయంత్రం ప్రేమమ్మ గేటు తీసుకుని రోడ్డు మీదికి పోయింది. లంగా మీదే పోయింది. ఎదురింటివాళ్లు పిలిచి చెప్పారు. జయానందం తల్లిని లోపలికి తెచ్చి, వెనక అర్రలో మంచం మీద కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెట్టాడు. తనకు నిద్ర పట్టనప్పుడు డాక్టరు రాసిచ్చిన మాత్రలు అలమారలో ఉన్నాయి. వాటిలోంచి ఒకటి పాలల్లో కలిపి తాగించాడు. ఫెబా వంటింటి గడపలో నిలబడి చూసింది.

"అవి నీకు ఇచ్చిన గోలీలు. అత్తమ్మకు పడ్తయో లేదో."

"నిద్రపోతే నెత్తి సాఫైతది."

అప్పుడే రాహేలు ఫోన్ చేసింది. "ప్రేమక్క ఎట్లుంది, జయా? వచ్చి సూడాల్నా?"

జయానందం తలుపు వైపు చూశాడు. లోపల నుంచి చెక్క మీద గీరుతున్న చప్పుడు వస్తోంది.

"మంచిగుంది అత్తా. బసవకళ్యాణ్‌ల మా అక్క దగ్గరికి పంపిన. నాల్గు దినాలు అక్కడ ఉంటే మనసు తేటైతది."

ఇంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఫోన్ పెట్టేశాక ఫెబా ముఖం చూడలేక టీవీ పెట్టుకున్నాడు.

*

ఇంకో మాత్ర ఇచ్చిన తర్వాత గీరుడు ఆగిపోయింది. ఇల్లు నిమ్మళమైందని జయానందం అనుకున్నాడు. మరునాడు బడికి పోయి పిల్లలకు పాఠం చెప్పాడు. మధ్యాహ్నం ఫెబా ఫోన్ చేసింది.

"అత్తమ్మకు సోయి లేదు. పిలిస్తే కండ్లు తెరుస్తలేదు. చేతులు సల్లగున్నయి, ఊపిరి కుక్క ఎగపోసినట్టు కొడ్తాంది. నేను ఆటో పిలిచిన. నువ్వు వస్తవా, నేనే తీస్కపోవాల్నా?"

అతను వచ్చేసరికి ఆటో గేటు ముందు ఆగి ఉంది. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు.

"జరసేపు ఆగితే... పొద్దు గూకినంక..." అన్నాడు.

ఫెబా అత్త చంకల కింద చేతులు వేసి ఒక్కతే లేపడానికి చూసింది. జయానందం సిగ్గుపడి కాళ్ల వైపు పట్టుకున్నాడు. అయినా గేటు దాటుతున్నప్పుడు తల్లి కొంగు లాగి ఆమె ముఖం మీద కప్పాడు. చచ్చినవాళ్లకు కప్పినట్టు కప్పానని ఆటో కదిలాక అర్థమైంది. కొంగు తీశాడు. ఆమె పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

*

దవాఖానలో మహానంద అనే డాక్టరమ్మ ప్రేమమ్మను చూసింది. బీపీ చూసింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. నర్సుతో సెలైన్ పెట్టమని, రక్తం మూత్రం పరీక్షకు తీసుకోమని చెప్పి, సూది మందు తెప్పించింది. ఆ తర్వాతే జయానందం వైపు తిరిగింది.

"ఎప్పటి సంది ఇట్లుంది?"

"వయసైంది మేడమ్. మతిమరుపు..."

"అట్ల కాదు. మునుపు ఎట్లుండె? ఎప్పుడు మారింది?"

ఫెబా చెప్పింది. ఆదివారం ఆరాధన, గోడ మీది చీమలు, వాసన, నీళ్లు తాగకపోవడం, రోజూ వేసుకునే షుగర్ మాత్రలు అన్నీ చెప్పింది. డాక్టరమ్మ ఒక్కొక్క మాటకూ తల ఊపింది.

"మంచిగున్న ముసలామె ఉన్నట్టుండి మారిపోతే వయసు మీద పెట్టొద్దు సార్. ఒంట్ల ఏదో రోగం చేరినట్టే. ఈమెకు మూత్రంల ఇన్ఫెక్షన్ అయినట్టుంది, అది రక్తంలకు పోయింది. వయసున్నోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు జ్వరం రాకపోవచ్చు. మంట పుడ్తాందని కూడ చెప్పరు. ముందుగాల మతి తప్పుతది, మనుషులను గుర్తుపట్టరు. జరసేపు మంచిగుంటరు, జరసేపు ఉండరు."

జరసేపు మంచిగుంటరు. జయానందానికి పొద్దున టీ అడిగిన తల్లి గొంతు గుర్తొచ్చింది.

"ఏమన్న మందులు ఇచ్చిండ్రా? షుగర్ గోలీలు గాక?"

"లేదు మేడమ్."

ఫెబా తల తిప్పి భర్తను చూసింది, కాని నోరు తెరవలేదు. ఆ మాట అతని నోటి నుంచే రావాలని ఆగినట్టు నిలబడింది. డాక్టరమ్మ ప్రేమమ్మ కనురెప్పలు ఎత్తి లైటు వేసి చూస్తోంది.

"ఇంత మత్తు ఇన్ఫెక్షన్‌తోనే వచ్చిందా, ఇంకేమన్న ఉందా అని అడుగుతున్న. తల స్కానింగ్‌కు పంపాల్నా వద్దా తేల్చాలె."

"నిద్ర గోలీలు ఇచ్చిన," అన్నాడు జయానందం. "నాయి. పాలల్ల కలిపి."

"ఎన్ని?"

చెప్పాడు. డాక్టరమ్మ తిట్టలేదు. నర్సుకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సెలైన్ పెట్టడానికి ప్రేమమ్మ చెయ్యి తిప్పినప్పుడు వేళ్ల చివరలు కనిపించాయి. గోళ్లు విరిగి ఉన్నాయి. చర్మం గీరుకుపోయి, ఒక వేలికి చెక్క పేడు గుచ్చుకుని ఉంది. డాక్టరమ్మ ఆ చేతిని అలాగే పట్టుకుని చూసింది. "ఇదేంది?" అని అడుగుతుందని జయానందం గోడకు అతుక్కుని నిలబడ్డాడు. ఆమె అడగలేదు. దూది తెప్పించి పేడు తీసి, ఒక్కొక్క వేలూ తుడిచింది. అడిగి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

*

ప్రేమమ్మ కిడ్నీలు దెబ్బతిన్నాయని, రెండు మూడు రోజులు గడిస్తేనే ఏమైనా చెప్పగలమని అన్నారు. వార్డు బయట బల్ల మీద కూర్చున్న జయానందం ప్రార్థన చేయబోయాడు. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా మాటలు తడుముకోకుండా ప్రార్థించే మనిషి. ఇప్పుడు ఒక్క వాక్యం కూడా ముగింపుకు రాలేదు.

ఫెబా చెప్పిందేమో, రాహేలు వచ్చింది. జయానందం లేచి నిలబడ్డాడు.

"బసవకళ్యాణ్ నుంచి ఎప్పుడొచ్చింది?" అంది రాహేలు.

అతను తల దించుకున్నాడు.

"నేను అడిగినప్పుడు ఇంట్లనే ఉండె గద?"

"ఉండె అత్తా. నిన్ను అంతంత మాటలన్నది, ఏ మొహం పెట్టుకొని..."

"నన్ను తిట్టింది ప్రేమక్క కాదని నాకు ఆడ్నే ఎర్కైంది. నా పెండ్లికి ముందు సంది చూస్తున్న ఆమెను. నాకు ఎర్కైంది నీకు కాకపాయె? ఆమె కడుపుల పుట్టినోనివి." గొంతు పెంచకుండానే అంది రాహేలు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి పోయింది. ప్రేమమ్మ కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి సర్దింది.

జయానందం ఆ బల్ల మీదే కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. దారిన పోయేవాళ్లు చూస్తున్నారని తెలుసు. మొదటిసారి అది పట్టలేదు.

*

మందు పట్టింది. మూత్రం గొట్టంలోంచి వచ్చే నీరు రంగు తేలింది. గొట్టం ఎక్కువ రోజులుంటే దాంతోనే మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తుందని దాన్ని త్వరగానే తీసేశారు. ప్రేమమ్మ కళ్లు తెరిచింది. ఇంకా కొన్నాళ్లు, దగ్గరికి వచ్చిన ప్రతి నర్సునూ మరదలు మహిమమ్మ అనుకుంది. తర్వాత ఒక పొద్దున కొడుకును చూసి "జయా, గడ్డం చేస్కోలేదేందిరా?" అంది.

అతను నీళ్ల గ్లాసు పట్టుకొచ్చి తాగించాడు. ఆమె రెండు గుక్కలు తాగి ఆగిపోయింది.

"ఎక్కువ తాగితే మల్ల..." అని కళ్లు గోడ వైపు తిప్పుకుని చెప్పింది. "చాన దినాల సంది మంట పుడ్తుండె బిడ్డా. బట్టల పోతుందని భయపడి నీళ్లు తాగుడు బంద్ చేసిన. కోడలికి చెప్పాలన్నా సిగ్గైంది. నీకెట్ల చెప్తా?"

"చెప్పాల్సుండె అమ్మా."

"గుడిల నేనేమన్న అన్నానా? రాహేలు ఏం చెప్తలేదు."

"రోగం నీతోని అనిపించింది. నువ్వనలే."

ఆమె కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల మీదికి జారాయి.

"ఒకటి యాదికొస్తాంది. చీకటి అర్ర. తలుపు తీయమని మొత్తుకుంటున్న, ఎవరూ తీస్తలేరు. కోడలే పెట్టిందనుకున్న. పండుకొని ఆ పిల్లను ఎన్నెన్ని అనుకున్ననో మనసుల. ఇప్పుడు నాకు అన్నం తినిపిస్తుంటే మొహం చూడలేకపోతున్న."

ఫెబా అప్పుడు కింద క్యాంటీన్‌కు పోయింది. ఇంకెవరూ వినరు. తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చినందుకు జయానందానికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఫెబా పెట్టలేదమ్మా. దవాఖానకు పోదామన్నది ఆమెనే. గొళ్ళెం నేనే పెట్టిన. నలుగురు చూస్తరని పెట్టిన. గోలీలు కూడ నేనే ఇచ్చిన."

ప్రేమమ్మ కొడుకు వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. లేదా చిన్నప్పటిలాగా తల మీద చెయ్యి పెడుతుందనుకున్నాడు. ఆమె తన వేళ్ల చివర్లు చూసుకుంది.

"ఫెబాను పిలువ్," అంది.

ఫెబా వచ్చాక కోడలి చెయ్యి పట్టుకుని ఏదో మెల్లగా చెప్పుకుంది. జయానందం తలుపు బయట నిలబడ్డాడు.

*

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ మహానంద అందరినీ మంచం దగ్గరికి పిలిచింది.

"మల్ల రావొచ్చు ఇది. ఏమేం చూస్కోవాల్నో ఎవరికి చెప్పాలె?"

"కోడలికి చెప్పుండ్రి," అంది ప్రేమమ్మ వెంటనే. కొడుకు పక్కనే ఉన్నాడు.

డాక్టరమ్మ ఫెబాకు చెప్పింది. మంట, వాసన, మాటి మాటికి పోవడం, తిండి మానడం, మాట తేడా రావడం. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా తీసుకురావాలి. జ్వరం లేదని ఊరుకోవద్దు. షుగర్ అదుపులో ఉండాలి. నీళ్లు తాగాలి. తన సొంత ఆలోచనతో ఎవరూ ఏ మాత్రా వేయకూడదు. చివరి మాట చెప్పేటప్పుడు కూడా ఆమె జయానందం వైపు చూడలేదు.

"మేడమ్," అన్నాడు జయానందం. "మొదటి నుంచి ఒకసారి నాకు కూడ చెప్పుండ్రి."

బయట పేషెంట్లు వరసలో ఉన్నారు. అయినా ఆమె మొదటి నుంచి మళ్లీ చెప్పింది. అతను బళ్లో పిల్లవాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. "ఆమె సిగ్గుపడి చెప్పకుంటే ఎట్ల తెల్వాలె?" అని అడిగాడు.

"రోజూ అడగాలె. అడుగుడుకు మీరు సిగ్గుపడొద్దు."

ప్రేమమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. విన్నదో లేదో తెలియదు.

ఆటో దాకా ఆమె ఫెబా భుజం పట్టుకుని నడిచింది. జయానందం సంచులు మోసుకుంటూ వెనక నడిచాడు. ఎక్కేటప్పుడు ఆటో మెట్టు ఎత్తుగా ఉంది. ఫెబా ఒక్కతి చాలలేదు. అతను సంచులు కింద పెట్టి చెయ్యి చాపాడు. ప్రేమమ్మ ఆ చెయ్యి వైపు కాసేపు చూసింది. వెనక ఇంకో బండి హారన్ కొట్టింది. అప్పుడు పట్టుకుని ఎక్కింది.