కర్త లేని వాక్యం

ఆ ఇంటికి ఒకే మెట్టు. నేను చూసింది అదొక్కటే. గోడల చెమ్మ, కిటికీల గడియలు, కుళాయి ధార, అవన్నీ ఫోటోల్లో మా అమ్మాయి చూసింది. మేముంటున్న అద్దె వాటా మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. బస్సు దిగుతూ పడ్డాక మా అమ్మాయికి ఊతకర్రలు వచ్చాయి. ఆమె వీధిలో అడుగుపెట్టి ఏడాదిన్నర అయింది.

మా ఆవిడ పోయినప్పుడు ఆమెను కిందికి దించడానికి ఐదుగురు కావలసి వచ్చారు. ఇంటి యజమాని పైమెట్టు మీద నిలబడి, గోడ గీసుకుపోకుండా చూడమన్నాడు. నేను మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశమూ లేదు.

నేను తూకం యంత్రాలు బాగుచేస్తాను. ముప్పై రెండేళ్ళుగా దుకాణాల వెనక గదుల్లో కూర్చున్నాను. తక్కువ తూచే యంత్రం బయటపడితే "కంపెనీ నుంచే అలా వచ్చిందండీ" అనని దుకాణదారు నాకింతవరకు తగల్లేదు. ఎక్కువ తూచే యంత్రమైతే మాత్రం ఆ పూటే మోసుకొస్తారు.

ఇల్లమ్మేవాడిది కళ్ళజోళ్ళ దుకాణం. మూడు మాటలకోసారి "నమ్మండి" అంటాడు. మా అమ్మాయి ఆయనకు నమ్మండిగారని పేరు పెట్టింది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరా ఉంది. ఒప్పందం ఆ దుకాణంలోనే, అద్దాల బీరువాల మధ్య రాసుకున్నాం. కాగితం సిద్ధం చేసింది బ్రోకరు. చివర్లో నేనొక వాక్యం కలపమన్నాను. మాటలు కూడా నేనే చెప్పాను: "పై తేదీలోగా రిజిస్ట్రేషన్ జరగని పక్షంలో ఈ ఒప్పందం రద్దయినట్లే, అడ్వాన్సు వాపసు ఇవ్వవలెను."

"ఇంత అనుమానమైతే ఎలా బాబాయ్?" అన్నాడు బ్రోకరు.

"నేను నీ బాబాయిని కాదు. రాయి."

"రాసెయ్యవయ్యా. నమ్మండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు నమ్మండిగారు.

నా డబ్బు పట్టుకుని ఏళ్ళ తరబడి తిప్పుతాడేమోనని ఆ వాక్యం పెట్టించాను. అతను మరీ తొందరగా ఒప్పుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నలుగురం సంతకాలు చేశాం: వాళ్ళిద్దరు, నేను, సాక్షిగా బ్రోకరు.

గడువు పన్నెండు రోజులుందనగా నమ్మండిగారు ఫోను తీయడం మానేశాడు. బ్యాంకులో అప్పు మంజూరైందని చెప్పడానికి దుకాణానికి వెళితే, లోపల దీపం వెలుగుతూనే ఉంది, తలుపు మాత్రం తీయలేదు. మర్నాడు బ్రోకరు మూడంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చాడు.

"ఆవిడ సంతకం పెట్టనంటోందట బాబాయ్. ఆడవాళ్ళ సంగతి తెలిసిందేగా. మీ అడ్వాన్సు ఇచ్చేస్తారు, పైన కొంచెం కలిపి మరీ. ఈ రసీదు మీద ఒక్క సంతకం."

మా అమ్మాయి చెయ్యి చాపి కాగితం అందుకుంది. ఆమె ఇంట్లో కూర్చుని ప్రచురణకర్తలకు అచ్చుతప్పులు దిద్దుతుంది. ఏ కాగితమైనా చేతిలో ఎర్ర పెన్సిలు పట్టుకునే చదువుతుంది.

"ఇందులో 'పరస్పర అంగీకారంతో రద్దు' అనుంది."

"అది మామూలుగా రాసేదేనమ్మా."

"మామూలుదే అయితే కొట్టేస్తాను."

బ్రోకరు కాగితం వెనక్కి లాక్కున్నాడు. "చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది" అని నవ్వాడు. అతను వీధిలోకి చేరేదాకా నేను బాల్కనీలోంచి చూశాను. గేటు దాటకముందే ఎవరికో ఫోను చేశాడు.

నేను లోపలికి వచ్చేసరికి మా అమ్మాయి అసలు ఒప్పందం ముందేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఈ ఆఖరి వాక్యం ఎవరు రాశారు?"

"నేనే. ఏం?"

"ఇందులో కర్త లేడు."

"అంటే?"

"రిజిస్ట్రేషన్ జరగకపోతే రద్దు అన్నావు. ఎవరి వల్ల జరగకపోతే? నీ వల్లా, వాళ్ళ వల్లా? ఆ తేదీ దాకా ఆయన దుప్పటి కప్పుకుని పడుకుంటే చాలు, నీ ఒప్పందం దానంతటదే పోతుంది. నీ వాక్యమే చంపేస్తుంది."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. కాస్త ఆమె మీద కూడా.

లాయరమ్మ గది కోర్టు ఎదురుగా, జిరాక్సు దుకాణం వెనక ఉంది. ఫైళ్ళు కుర్చీల మీద ఉన్నాయి, మనుషులు నిలబడి ఉన్నారు. ఆవిడ ఒప్పందం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

"ఈ వాక్యం ఏ మహానుభావుడిది?"

"నాదే."

"సరే. మీకేం కావాలి? డబ్బా, ఇల్లా?"

"ఇల్లు."

"డబ్బు చాలనుకుంటే అడ్వాన్సు వాపసు, మీకైన నష్టం కలిపి అడగొచ్చు. ఇల్లే కావాలంటే ఒప్పందం ప్రకారం అమ్మమని కోర్టు చేత చెప్పించొచ్చు. అలాంటి ఇల్లు ఇంకోటి కొనుక్కోమని చేతులు దులిపేసుకోడానికి అది కిలో చక్కెర కాదుగా. ఈలోగా ఇంకొకరికి అమ్మకుండా ఆపమనీ అడగొచ్చు. కానీ ఒక షరతు. కొనడానికి మీరు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నారని చూపించాలి. నోటిమాటతో కాదు."

"మరి నా వాక్యం?"

"తను రాకుండా తప్పించుకుని, గడువు దాటిందిగా అంటే కోర్టు మామూలుగా ఊరుకోదు. అయితే రానిది ఆయనేనని, వచ్చింది మీరేనని రుజువుండాలి. ఈ రోజే నోటీసు పంపుతాను. ఆ తేదీన బ్యాంకు కాగితాలతో రిజిస్ట్రారు ఆఫీసు తెరిచినప్పటి నుంచి మూసేదాకా అక్కడే కూర్చోండి. వచ్చినట్టు ముద్ర వేయించుకోండి. అడ్వాన్సు వెనక్కి తీసుకోవద్దు. ఎవరేమిచ్చినా సంతకం పెట్టొద్దు."

"కేసు ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆవిడ కుర్చీల మీది ఫైళ్ళ వైపు చూపించింది. "అదిగో, వాటినడగండి."

నోటీసు వాళ్ళ దుకాణానికి చేరినట్టు సంతకమైన చీటీ వచ్చింది. జవాబు రాలేదు. గడువు ముందు రోజు బ్రోకరు ఫోను చేశాడు.

"ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది బాబాయ్. వచ్చే సోమవారం పెట్టుకుందాం. రేపు శ్రమపడి రాకండి."

"ఆ ముక్క రాసి, ఆయన సంతకంతో పంపు."

"మాట మీద నమ్మకం లేదా?"

"లేదు."

కాగితం రాలేదు. నేను వెళ్ళాను.

రిజిస్ట్రారు ఆఫీసులో గోడ పొడవునా ఒక బల్ల ఉంది. తలుపు తీయగానే వెళ్ళి గుమాస్తా చేత చీటీ మీద టైము వేయించుకున్నాను. మళ్ళీ పదకొండింటికి. మళ్ళీ ఒంటిగంటకి.

"అయ్యా, ఇద్దరు నన్నొదిలేసి ఫారాలు మిమ్మల్ని అడిగారు. సగం జీతం మీకిప్పించనా?" అన్నాడు గుమాస్తా.

"ముద్ర సరిగ్గా పడలేదు. మళ్ళీ వెయ్యి."

మూడింటికి నమ్మండిగారి భార్య ఒక్కతే వచ్చింది. ఒప్పందం రోజు తప్ప నేనావిడను చూడలేదు. నా పక్కన, ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చుంది. నేను సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"మీరొచ్చారా" అంది.

"రాననుకున్నారా?"

"మీరు తప్పుకున్నారని చెప్పారాయన. పోయిన వారం ఎవరో వచ్చి ఇల్లు చూసుకుని వెళ్ళారు. ఎక్కువిస్తారట. ఆ వారమే మీరు తప్పుకోవడం నాకు పొసిగినట్టు అనిపించలేదు. కళ్ళారా చూసిపోదామని వచ్చాను."

"సంతకం పెట్టనన్నది మీరేనట కదా."

"నేనా?" అని ఆవిడ పూర్తిగా నా వైపు తిరిగింది. "నోటీసు ఏమైనా పంపారా?"

"చేరింది కూడా."

"నాకు చూపించలేదు."

వీళ్ళిద్దరూ కలిసే ఈ నాటకం ఆడుతున్నారని నా అనుమానం. సంతకం కోసం ఒకరు, కన్నీళ్ళ కోసం ఒకరు. కానీ ఆవిడ ఏడవలేదు. నా చేతిలోని ముద్రల చీటీ చూపించమంది. చేతికివ్వకుండా దూరం నుంచే చూపించాను. ముద్రల మీది టైములు మూడూ పైకి చదివింది.

"మీరు కోర్టుకెక్కితే నా పేరూ ఎక్కుతుంది. ఆ కాగితం మీద సంతకం నాది కూడా" అని ఫోను తీసి మొగుడికి చేసింది. "రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాను. ఆయనా ఉన్నారు. మీరొస్తారా, ఆయన అడిగినవాటికి నేనే జవాబు చెప్పనా?"

ఇరవై నిమిషాల్లో వచ్చాడు.

"జ్వరం తగ్గిందా?" అన్నాను.

"నమ్మండి, పొద్దున నూటరెండు ఉంది."

"పొద్దున రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నారు" అంది ఆవిడ.

ఆయన భార్యను పక్కకు పిలిచాడు. ఆవిడ బల్ల మీంచి లేవలేదు. ఉన్నచోటే చెప్పమంది. ఆయన గుమాస్తా దగ్గరికి నడిచాడు.

కాగితాలు తీసుకునే వేళ దాటిపోయిందని గుమాస్తా చెప్పాడు. రేపు మొదటి నంబరు మాకే ఇస్తానన్నాడు. రేపంటే గడువు దాటినట్టే. నా వాక్యం ఆ రాత్రే పని పూర్తిచేస్తుంది. ఒప్పందం వెనక రాయడానికి పెన్ను తీసి, మా అమ్మాయికి ఫోను చేసి రాయబోయేది చదివాను: "రిజిస్ట్రేషన్ రేపటికి వాయిదా వేయబడినది. రద్దు వాక్యం కొట్టివేయబడినది."

"బడినది, బడినది అనకు నాన్నా. ఎవరు వేశారు, ఎవరు కొట్టేశారు? చెప్తాను, రాసుకో. 'అమ్మేవారు ఈ రోజు సకాలంలో రానందున మేము ముగ్గురమూ గడువును రేపటికి పొడిగించాము. రద్దు వాక్యాన్ని మేము ముగ్గురమూ కొట్టివేశాము.'"

అలాగే రాశాను. ఆవిడ ముందు సంతకం చేసింది. నమ్మండిగారు "సకాలంలో రానందున" అన్నచోట ఆగి, ఆ ముక్క అవసరమా అన్నాడు.

"అదే అవసరం" అన్నాను.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ గోడ గడియారం వైపు చూస్తోంది. సంతకం చేశాడు. గుమాస్తా చేత సాక్షి సంతకం పెట్టించాను.

మర్నాడు పదిన్నరకల్లా రిజిస్ట్రేషన్ అయిపోయింది. నమ్మండిగారు నవ్వుతూ చెయ్యి చాపాడు. నా రెండు చేతుల్లోనూ కాగితాలున్నాయి. లేకపోయినా ఇచ్చేవాణ్ణి కాదు. తాళాలు భార్య ఇచ్చింది.

"నిన్న నేను రాకపోయుంటే నిజంగానే కేసు వేసేవారా?" అని అడిగింది.

"వేసేవాణ్ణి."

"ఎన్నేళ్ళైనా?"

"ఎన్నేళ్ళైనా."

"అన్నేళ్ళూ మీ అమ్మాయి ఆ మూడో అంతస్తులోనేనా?"

అమ్మాయి సంగతి ఆవిడకు ఎవరు చెప్పారోనని అనుమానం వచ్చింది. బ్రోకరే చెప్పి ఉంటాడు. ఆ సంగతి ఆలోచిస్తూ జవాబు చెప్పకుండా వచ్చేశాను. జవాబు లేకనే చెప్పలేదని ఇంటికి చేరాక తెలిసింది.

ఇల్లు మారిన నాలుగో రోజు పని నుంచి త్వరగా వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మా అమ్మాయి లోపల లేదు. వంటగదిలోనూ లేదు. పక్కింటివాళ్ళను అడిగితే చూడలేదన్నారు. చూసి కూడా చెప్పడం లేదనుకున్నాను. గుమ్మంలో నిలబడ్డాను.

అరగంటకు వీధి మలుపులో ఊతకర్రల చప్పుడైంది. ముఖం నిండా చెమట. భుజాన సంచీ కూడా లేదు.

"ఎక్కడికెళ్ళావు?"

"బయటికి."

"ఏం పని మీద?"

"పనేం లేదు నాన్నా. బయటికే."